శివరాత్రికి పోని చలి: ఫిబ్రవరిలో హాలాంగ్ బే

2025 ఫిబ్రవరిలో వియత్నాం హాలాంగ్ బేకి, అంటే నిండా రాతి కొండల దీవులున్న సముద్రపాయకి, వెళ్ళడానికి మాకున్న కారణం ఒక్కటే, రేటు. పడవలో ఒక రాత్రి ఉండే టూర్‌కి నవంబర్ తేదీలు పెట్టి చూస్తే మనిషికి 150 డాలర్ల పైనే చూపించింది. అదే పడవ, అదే గది, ఫిబ్రవరి 26 అని పెడితే 108. శివరాత్రి సెలవు బుధవారం పడింది కాబట్టి ముందూ వెనకా లీవులు పెడితే వారం కలిసొస్తుంది. మా ఆయన, నేను, రాజమండ్రి నుంచి అమ్మ. ముగ్గురం.

అమ్మని ఒప్పించడమే కష్టమైంది. "శివరాత్రి పూట గుడికెళ్ళకుండా సముద్రం మీద తిరుగుళ్ళేంటే?" అంది. అసలు భయం వేరే. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగినప్పటి నుంచి అమ్మ పాపికొండల పేరెత్తనివ్వదు. ఆ రోజుల్లో టీవీ ముందు నుంచి లేచేది కాదు. "ఇది పెద్ద పడవ అత్తయ్యగారూ, గదులు, మంచాలు, బాత్రూమ్ అన్నీ ఉంటాయి" అని మా ఆయన నచ్చజెప్పాడు. "మునిగేదానికి మంచాలెందుకు అల్లుడుగారూ" అని తిరిగి ఆవిడ. చివరికి వచ్చింది.

వీసా

జనవరి 23న ముగ్గురికీ ఈ-వీసాకి పెట్టాను. మనిషికి 25 డాలర్లు. వీసా వచ్చినా రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. మూడు పనిదినాల్లో వస్తుందని రాసి ఉంటుంది. నేను పెట్టిన రెండు రోజులకే వాళ్ళకి తెత్ సెలవులు మొదలయ్యాయి. తెత్ అంటే వాళ్ళ కొత్త సంవత్సరం. ఈసారి జనవరి 29న వచ్చింది, ప్రభుత్వ ఆఫీసులకి జనవరి 25 నుంచి ఫిబ్రవరి 2 దాకా సెలవు. ఆ రోజులేవీ పనిదినాలు కావు. పొద్దున లేవగానే రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టి చూడటం, "ప్రాసెసింగ్‌లో ఉంది" అన్న ముక్క చదివి ఆఫీసుకి పోవడం. విమానం టికెట్లు అప్పటికే కొనేశాం. ఇంకెవరో ఏజెంట్లు, మనిషికి ఇంత కడితే ఒక్క రోజులో తెప్పిస్తామని మెసేజ్‌లు. వాళ్ళడిగిన రేటు ప్రభుత్వ ఫీజుకి ఐదారు రెట్లుంది.

ఫిబ్రవరి 5న నాదీ, మా ఆయనదీ వచ్చాయి. అమ్మది రాలేదు. ఆవిడకి ఈ సంగతి చెప్పలేదు, చెబితే "దేవుడే ఆపుతున్నాడు" అనేది. 7వ తేదీ సాయంత్రం అమ్మది కూడా వచ్చాక ఒకేసారి ఫోన్ చేసి "మూడూ వచ్చేశాయి" అన్నాను. మీరు జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో వీసాకి పెట్టేటట్టయితే ముందు ఆ ఏడాది తెత్ ఎప్పుడో చూసుకోండి. వీసా కాగితం ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. హనోయ్ ఎయిర్‌పోర్టులో మా ముందున్న కుర్రాడు ఫోన్‌లో చూపిస్తే కౌంటర్‌లో ఆవిడ తల అడ్డంగా ఊపి పక్కకి పంపింది.

సర్దుకోవడం

హైదరాబాద్‌లో ఫిబ్రవరి నెలాఖరుకి ఫ్యాన్ వేసుకుంటాం. షాపుల్లో స్వెట్టర్లు లోపల పెట్టేసి కాటన్ కుర్తాలు బయట వేలాడదీశారు. థర్మల్స్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. "శివరాత్రికి చలి శివశివా అని పోతుంది, ఇవన్నీ ఎందుకే" అంటూనే అమ్మ తన కాశీయాత్ర నాటి శాలువా, మంకీ క్యాప్ పెట్టెలో వేసింది. వాటితోపాటు కందిపొడి, పులిహోర పేస్టు, చిన్న సీసాలో ఆవకాయ. మూడూ చెక్-ఇన్ బ్యాగులోనే వెళ్ళాయి, ఎవరూ ఆపలేదు.

హనోయ్

24 రాత్రి హైదరాబాద్‌లో ఎక్కి, బ్యాంకాక్‌లో మారి, 25 మధ్యాహ్నం హనోయ్‌లో దిగాం. ఫోన్ 15 డిగ్రీలు చూపించింది. 15 అంటే పెద్ద చలి కాదే అనుకుంటాం, మన ఆదిలాబాద్‌లో అంతకంటే తక్కువ చూశాం కదా అని. ఇది తడి చలి. వాన అనలేం, మంచు అనలేం, తుంపర గాల్లో వేలాడుతూ ఉంటుంది. గొడుగు వేసినా జుట్టు తడుస్తుంది. హోటల్ వరండాలో పాలరాతి గచ్చు మీద నీళ్ళు చిమ్మినట్టు తడి. లోపలికి వాన ఎలా వచ్చిందని అడిగితే, ఈ నెలల్లో నేలకి చెమట పడుతుందని రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. ఆ రోజు ఉతికి ఆరేసిన అమ్మ జాకెట్టు మూడో రోజుక్కూడా చెమ్మగానే ఉంది.

ఇంకో సంగతి. గదిలో ఏసీ ఉంది, దానికి వేడి రాదు. ఇక్కడ చాలా హోటళ్ళలో ఏసీ చల్లగాలికే పనిచేస్తుంది. బుక్ చేసేముందు వేడి వస్తుందా అని మెసేజ్ పెట్టి అడగండి. మాకు అదనంగా ఒక దుప్పటి, చిన్న రూమ్ హీటర్ ఇచ్చారు. హీటర్ దగ్గర ముగ్గురం సాక్సులు ఆరబెట్టుకున్నాం.

డబ్బు విషయం కూడా చెప్పేస్తాను. లక్ష డాంగ్ అంటే అప్పట్లో మనకి సుమారు 340 రూపాయలు. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం రంగే. టాక్సీలో చీకట్లో తడబడితే 70 రూపాయలకి బదులు 1,700 ఇచ్చేస్తాం. మా ఆయన పర్సులో ఒక అర, జేబులో ఒక కవరు పెట్టి రెంటినీ వేరు చేశాడు.

26, శివరాత్రి

పొద్దున ఎనిమిదింటికి వ్యాన్ రావాలి. ఏడుంబావుకి పడవ వాళ్ళ నుంచి మెసేజ్: పొగమంచు వల్ల పోర్టు అధికారులు ఈ రోజు పడవలకి అనుమతి ఇవ్వలేదు. ఆ కింద మూడు దారులు రాశారు. ఒకటి, ఎలాగూ హాలాంగ్ వచ్చి కూర్చోవడం, మధ్యాహ్నానికి మంచు విడిస్తే నాలుగు గంటలు తిప్పి దించేస్తారు. రెండు, గదులు ఖాళీ ఉంటే మరుసటి రోజుకి మార్చుకోవడం. మూడు, డబ్బు వాపసు, పది పదిహేను పనిదినాలు.

అప్పటికి పెట్టెలు సర్దుకుని, బూట్లు కట్టుకుని ఉన్నాం. నాకు ఏడుపొక్కటే తక్కువ. మా ఆయన ఫోన్‌లో వాతావరణం సైట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తున్నాడు. అమ్మ ఒక్కర్తే నిశ్చింతగా ఉంది. "ఆపారంటే బుద్ధున్నవాళ్ళే. మన దగ్గర ఆపేవాళ్ళుంటే అంతమంది పోయేవాళ్ళు కాదు" అంది. నేనేం మాట్లాడలేదు. అది నిజమే అయినా నా కోపం తగ్గలేదు.

27కి మార్చమని అడిగాం. సీజన్ కాకపోవడం వల్ల గదులు ఖాళీగానే ఉన్నాయి, అది కలిసొచ్చింది. సరేనని, రేపు ఖాళీగా ఉన్న గది పెద్దది కాబట్టి మనిషికి 20 డాలర్లు తేడా కట్టమన్నారు. లింక్ పంపారు, అరగంటలో కట్టకపోతే గది పోతుందన్నారు. కట్టాను. కట్టాక హోటల్ రిసెప్షన్ అమ్మాయికి చూపిస్తే ఆ పిల్ల మొహం మారిపోయింది. వాళ్ళకి ఫోన్ చేసి వియత్నామీస్‌లో ఒక పావుగంట మాట్లాడింది. గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. చివరికి, పోర్టు ఆపితే తేదీ మార్పు ఉచితం అని వాళ్ళ రూల్స్‌లోనే ఉందని ఒప్పించి, 60 డాలర్లూ తిరిగి వేసేట్టు మాట తీసుకుంది. ఇలాంటి పంచాయితీలు మనం ఇంగ్లిష్‌లో మెసేజ్‌లు పెట్టి తేల్చలేం. హోటల్ వాళ్ళ చేత మాట్లాడించండి.

హనోయ్‌లో ఇంకో రాత్రికి గది మా ఖర్చే, తొమ్మిది లక్షల డాంగ్.

ఇక రోజంతా ఖాళీ. అమ్మకి ఉపవాసం, పైగా గుడి కావాలి. శివాలయం ఎక్కడ దొరుకుతుంది? వెస్ట్ లేక్ ఒడ్డున త్రాన్ క్వోక్ అనే బౌద్ధాలయం ఉంది, హనోయ్‌లో బాగా పాతది. అక్కడ ఒక రావిచెట్టు ఉందనీ, 1959లో మన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చినప్పుడు బోధగయ నుంచి తెచ్చిచ్చిన మొక్కే అదనీ చదివి అమ్మకి చెప్పాను. "అయితే మన చెట్టే" అని చెప్పులు విప్పేసింది. తడి గచ్చు, 14 డిగ్రీలు, సాక్సులతో ప్రదక్షిణ చేయలేక చెట్టు ఎదుట నిలబడి పెదాలు కదుపుతూ జపం చేసుకుంది. పక్కన వియత్నాం ముసలావిడ ఒకరు అగరొత్తులు పట్టుకుని అలాగే పెదాలు కదుపుతోంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. ఆవిడ తన దగ్గరున్న అగరొత్తుల్లోంచి రెండు తీసి అమ్మకిచ్చింది.

బయటికొస్తే రోడ్డు పక్కన బొగ్గుల మీద చిలగడదుంపలు కాలుస్తున్నారు! శివరాత్రి ఉపవాసానికి మా ఇంట్లో ఉడకబెట్టే దుంపే. నేను ముందురోజంతా అమ్మ ఏం తింటుందా అని టెన్షన్ పడి సూపర్ మార్కెట్‌లో అరటిపళ్ళు, డ్రాగన్ ఫ్రూట్ కొని పెట్టాను. ఈవిడేమో వేడివేడి దుంప కాగితంలో పట్టుకుని, చేతులు కాచుకుంటూ, ఊదుకుంటూ తింటోంది. "ఉడకబెట్టిందాని కంటే ఇదే బావుందే. మన వాళ్ళకి ఈ బుద్ధి పుట్టలేదేం?" అని ఇంకోటి కొనిపించుకుంది. ఒక్కోటి 20 వేల డాంగ్.

రాత్రి జాగారం కూడా మానలేదు. ఫోన్‌లో శ్రీశైలం లైవ్ పెట్టుకుంది. వియత్నాంలో టైము మనకంటే గంటన్నర ముందు. లింగోద్భవ కాలం మనకి అర్ధరాత్రి అంటే హనోయ్‌లో ఒంటిగంటన్నర. రెండింటిదాకా మంకీ క్యాప్ పెట్టుకుని హీటర్ పక్కన కూర్చుంది. మర్నాడు పడవ ఆగిపోతే బావుణ్ణని మొక్కుకుందేమో అని నాకు అనుమానం. అడిగితే నవ్వింది కానీ చెప్పలేదు.

27, పడవ ఎక్కడం

పొద్దున ఆరింటి నుంచి ఫోన్ చూస్తూనే ఉన్నాను. ఏడున్నరకి "బయల్దేరండి" అని వచ్చింది. అంటే వ్యాన్ ఎక్కమనే. పడవకి అనుమతి ఇంకా ఖాయం కాదు, ఆ సంగతి అడిగితేనే చెప్పారు.

తొమ్మిది సీట్ల వ్యాన్. అక్కడ లిమోజీన్ అంటారు, సీట్లు వెనక్కి వాలతాయి. హనోయ్ నుంచి హాలాంగ్‌కి ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద రెండున్నర గంటలు. మధ్యలో ముత్యాల షాపు దగ్గర ఆపారు. బాత్రూమ్‌కి అని ఆపుతారు, షాపులోంచి నడవకుండా బాత్రూమ్‌కి దారి లేదు. హైదరాబాద్ వాళ్ళకి ముత్యాలు అమ్మాలని చూసిన ఆ అమ్మాయి ఓపికకి మెచ్చుకోవాలి. జాగారం చేసిన అమ్మ వ్యాన్‌లో హాయిగా నిద్రపోయింది.

తువాన్ చౌ దీవి రేవులో దిగేసరికి పదకొండున్నర. మొదట కనిపించినవి పడవలు కావు, విరిగిన చెట్లు. 2024 సెప్టెంబర్ 7న యాగి తుఫాను నేరుగా ఈ తీరం మీదికే వచ్చింది, రేవులో కట్టేసిన టూరిస్టు పడవలు కూడా మునిగాయి. అప్పటికి ఐదు నెలలు దాటినా దీవిలో కొన్ని కట్టడాలకి కప్పు లేదు, అద్దాలు లేని కిటికీలకి ప్లాస్టిక్ పట్టాలు కొట్టి ఉన్నాయి. ఇది ఫోటోల్లో ఎవరూ చూపించరు.

పాస్‌పోర్టులు తీసుకున్నారు. ప్రయాణికుల జాబితా పోర్టులో ఇచ్చాకే పడవ కదలాలి, అందుకని. పాస్‌పోర్టు చేతిలోంచి పోయిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. మర్నాడు దిగేముందు తిరిగిచ్చారు. వెయిటింగ్ హాల్లో గంటన్నర కూర్చున్నాం. గాజు తలుపు బయట తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. ఒంటిగంట దాటాక పేర్లు పిలిచారు.

20 గదుల పడవ. సగం ఖాళీ అనుకుంటూ వెళ్ళాను, సీజన్ కాదు కదా అని. రెండు కొరియన్ బృందాలతో మూడొంతులు నిండిపోయింది. ముందురోజు ఆగిపోయిన వాళ్ళంతా మాలాగే ఈ రోజుకి మార్చుకున్నారు మరి. చలికాలంలో ఖాళీగా ఉంటుందన్న మాటని నమ్ముకుని వెళ్ళకండి.

అమ్మ గదిలోకి వెళ్ళగానే చేసిన మొదటి పని లైఫ్ జాకెట్లు వెతకడం. అలమరలో రెండే ఉన్నాయి. మాది ముగ్గురి గది. బయటికెళ్ళి పనిచేసే కుర్రాణ్ణి పట్టుకుని, మూడు వేళ్ళు చూపించి, మూడోది తెప్పించి, తన దిండు పక్కన పెట్టుకుంది. అప్పుడు కూర్చుంది.

మొదటి గంటలో బే కనిపించలేదు. ఉన్నమాట చెబుతున్నాను. డెక్ మీద నిలబడితే పడవ ముక్కు, దాని ముందు ఇరవై ముప్పై గజాల నీళ్ళు, ఆ తర్వాత ఏమీ లేదు. వియత్నాం రెండు లక్షల డాంగ్ నోటు వెనక హాలాంగ్ బేలో ఒక చిన్న దీవి బొమ్మ ఉంటుంది, అగరుధూపం పాత్ర ఆకారంలో ఉంటుందని దానికి ఆ పేరే పెట్టారు. గైడ్ నోటు తీసి చూపించి, "అది ఇప్పుడు మన కుడివైపు ఉంది" అన్నాడు. అందరం కుడివైపు తిరిగాం. తెలుపు. కొరియన్ ఆంటీలు పగలబడి నవ్వారు, మేమూ నవ్వాం. నోటు పట్టుకుని ఫోటో తీయించుకున్నాం, వెనకాల ఏమీ లేకుండా.

భోజనం గురించి. శాకాహారమని బుకింగ్‌లో రాశాను, ముందురోజు మెసేజ్ పెట్టాను, ఎక్కగానే చెప్పాను. అయినా మొదట వచ్చిన వంకాయ కూరలో చేపల సాస్ వాసన. వాళ్ళ వంటలో అది మనకి ఉప్పు ఎలాగో అలాగే పడిపోతుంది, విడిగా వేశామని వాళ్ళకి అనిపించదు. మళ్ళీ చెబితే వంటవాడే బయటికొచ్చి, వెల్లుల్లి వేసి వేయించిన తూటికూర, టోఫు, అన్నం పెట్టాడు. తూటికూర బ్రహ్మాండంగా ఉంది. అమ్మ కందిపొడి తీసింది. ఎదుటి బల్ల మీది కొరియన్ ఆవిడ రుచి చూసి, సీసా మీద ఏం రాసుందో ఫోటో తీసుకుంది. అది పాత హార్లిక్స్ సీసా.

మూడింటికి సుంగ్ సోత్ గుహ. మెట్లు ఎక్కువే, తడిగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి ఇబ్బంది. గుహలోపల మాత్రం వెచ్చగా ఉంది, ఆ రోజు మొత్తంలో శాలువా తీసిన చోటు అదొక్కటే. 

తర్వాత టీ టాప్ దీవి. 1961లో అంతరిక్షానికి వెళ్ళిన సోవియట్ వ్యోమగామి తితోవ్‌ని అప్పటి వియత్నాం అధ్యక్షుడు హో చి మిన్ మరుసటి ఏడు ఇక్కడికి తీసుకొచ్చాడట, ఆ పేరే దీవికి పెట్టారు. కొండ పైకి 400 పైన మెట్లు. మా ఆయన ఎక్కాడు. పావుగంట తర్వాత దిగొచ్చి, "అంతరిక్షంలో కూడా ఇంతకంటే ఎక్కువ కనిపించి ఉంటుంది" అన్నాడు. నేనూ అమ్మా కింద తీరంలో నిలబడి, టవళ్ళు అద్దెకిచ్చే కొట్టు మూసి ఉండటం చూశాం. ఎవరూ నీళ్ళలోకి దిగలేదు. ఈత కోసం వచ్చేవాళ్ళు ఈ నెలల్లో రాకూడదు.

మనమే తెడ్డేసుకునే చిన్న పడవ, కయాక్, కూడా టూర్‌లోనే ఉంది. దాంట్లో చేతులు తడిసి మొద్దుబారతాయని వద్దనుకున్నాను. నేను ఆడవాళ్ళు తెడ్డేసే వెదురు పడవ ఎక్కాను, దానికి అదనంగా డబ్బులేమీ తీసుకోలేదు, టిప్ ఇచ్చాను. ఆవిడ ఎనిమిదిమందిని కూర్చోబెట్టుకుని ఒక్కతే వేసింది. కొండ కింద సొరంగం లాంటి దారిలోంచి వెళ్ళేటప్పుడు తెడ్డు ఆపింది. పైనుంచి నీటి బొట్లు పడుతున్న చప్పుడు ఒక్కటే. మబ్బు దాదాపు తల మీదికి దిగింది. ముందు నల్లటి రాయి, దాని వెనక బూడిద రంగులో ఇంకోటి, దాని వెనక ఉందో లేదో తెలియని ఇంకోటి. ఎండలో తీసిన ఫోటోల్లో ఇలా ఉండదు. నేను డబ్బు కట్టింది ఆ ఫోటో చూసే అయినా, దీన్ని వదులుకోబుద్ధి కాలేదు.

రాత్రి పడవలన్నీ ఒక చోట లంగరు వేశాయి. పక్క పడవలో కరావోకే, పదిన్నర దాకా. గదిలో ఈసారి వేడి వచ్చే ఏసీయే ఉంది, కానీ దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. జనరేటర్ హోరు అలవాటయ్యేసరికి పదకొండు. అమ్మ లైఫ్ జాకెట్ మీద చెయ్యి వేసుకునే పడుకుంది. అర్ధరాత్రి మెలకువొచ్చి చూస్తే కిటికీ పక్కన కూర్చుని ఉంది. "పడవ కదలట్లేదేంటే?" అంది. లంగరు వేశారమ్మా అంటే, "ఏటిలోలా లాగేయట్లేదు, చెరువులా ఉంది" అని పడుకుంది. చుట్టూ కొండలుండటం వల్ల ఆ నీళ్ళలో నిజంగానే అలలు లేవు.

28

ఆరున్నరకి డెక్ మీద తాయ్ చీ వ్యాయామం అన్నారు. నలుగురమే వెళ్ళాం. ఎనిమిది దాటాక ఎవరో అరిస్తే బయటికి పరిగెత్తాం. మంచు కింది నుంచి పైకి లేచింది. ముందు కొండల పాదాలు, తర్వాత నడుములు, ఆ తర్వాత అన్నీ. ఎటు తిరిగితే అటు. గైడ్ 1,969 దీవులని చెప్పాడు. అమ్మ కమ్మీ పట్టుకుని నిలబడి, "కోటిలింగాల రేవని పేరు మన రాజమండ్రిలో, లింగాలన్నీ ఇక్కడ" అంది. ఒక్క రోజు ఆలస్యంగా శివరాత్రి దర్శనం అయిందని నిర్ణయించేసుకుంది. ముప్పావుగంట అలా ఉండి, మళ్ళీ కమ్మేసింది. ఆ ముప్పావుగంటలో టిఫిన్ దగ్గర, సామాన్లు సర్దుతూ గదుల్లో ఉండిపోయిన వాళ్ళూ ఉన్నారు. తొమ్మిదిన్నరకల్లా గది ఖాళీ చేయమంటారు, అందుకని.

పదకొండింటికి రేవు, రెండింటికి హనోయ్. మార్చి 1న తిరుగు విమానం.

ఖర్చు: విమానం మనిషికి 27 వేలు, ముగ్గురి పడవ 28 వేలు, వీసాలు ఆరున్నర వేలు, హనోయ్ హోటల్ మొత్తం తొమ్మిది వేల చిల్లర, వ్యాన్ రానూపోనూ ఐదు వేలు. తిండి, టాక్సీలు, ఇన్సూరెన్స్, థర్మల్స్ కలిపి 22 వేలు. లక్షన్నర పైచిలుకు తేలింది. పడవ మీద ముగ్గురికీ కలిపి పదకొండు వేలు మిగిలాయి, అందులో మూడు వేలు ఆగిపోయిన రాత్రి హోటల్‌కి పోయాయి. చలికాలంలో రేటు తగ్గించడమంటే మంచు పడితే వచ్చే నష్టాన్ని మన నెత్తిన పెట్టడమే అని నా లెక్క. తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోగలిగితే ఆ బేరం ఒప్పుకోవచ్చు. మా టికెట్లు 28 ఉదయానికి ఉండి ఉంటే, రేవు మొహం చూడకుండానే తిరిగొచ్చేవాళ్ళం. నీలాకాశం ఫోటోలే కావాలంటే అక్టోబర్, నవంబర్‌లలో వెళ్ళి ఆ 150 కట్టడం నయం. చిన్నపిల్లలతో అయితే ఫిబ్రవరి వద్దు, వ్యాన్‌లోనూ వెయిటింగ్ హాల్లోనూ విసిగిపోతారు.

వచ్చాక అమ్మకి నాలుగు రోజులు జలుబు. ఆవిరి పట్టుకుంటూనే వీధిలో అందరికీ పడవ కబుర్లు చెబుతోందట, పొగమంచు మాట ఎత్తకుండా. ఆ 60 డాలర్లు మూడు మెయిళ్ళు రాశాక మార్చి 14న కార్డుకి వచ్చాయి. రేటు తేడా కింద బ్యాంకు మూడొందల చిల్లర కోసుకుంది.